ఏడో పాట

మా వదినగారు కళ్ళ ఆపరేషన్ కోసం వచ్చి మా ఇంట్లో ఉన్న ఎండాకాలం అది. ఒక కన్ను అయ్యింది, రెండోది కూడా అయ్యేదాకా కదలడానికి వీల్లేదని మా ఆయన పట్టుబట్టారు. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. ఊళ్ళో సగం ముక్కుల మీద ఉన్నవి నేను పెట్టినవేనని చెప్పుకునే మనిషి, సొంత అక్క కళ్ళని మరొకరికి వదిలేస్తారా?

వదినగారు ముందు గదిలో పడక్కుర్చీలో ఉండేవారు. కంటి మీద పచ్చగుడ్డ, దాని మీద నల్లజోడు. కనిపించేది తక్కువ కాబట్టి వినడం ఎక్కువ, మాట్లాడటం ఇంకా ఎక్కువ.

"దేవుడు కళ్ళు మూయించాడు గానీ నా నోటి సంగతి మరిచిపోయాడే అమ్మాయ్" అని ఆవిడే నవ్వేవారు.

ఆ గదిలోనే ఆయన పాటల పెట్టె ఉండేది. నల్లటి యంత్రం, రెండు పక్కలా నడుమెత్తు స్పీకర్లు. డిస్క్ లోపలికి మింగి, కాసేపు గిర్రున తిప్పుకుని, పాట పేరును పచ్చటి అక్షరాల్లో నడిపించేది. ఇంట్లో దానికి డిస్కులు చాలా ఉండేవి. పెట్టేది మాత్రం ఒక్కటే. మా పెద్దమ్మాయి పాడిన ప్రార్థన పాటలు పన్నెండు. దాని స్నేహితురాలు కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక్కో పాట ఒక్కో ఫైలు చేసి, అన్నీ ఒకే డిస్క్ మీద రాసి ఇచ్చింది. తర్వాత ఆ కంప్యూటర్ పోయింది. ఆ తర్వాత మా పిల్ల పోయింది, జ్వరంతో. డిస్క్ మిగిలింది.

రోజూ సాయంత్రం ఆయన దుకాణం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆ డిస్క్ బయటికి తీసేవారు. జేబులోంచి అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ తీసి తుడిచేవారు, గుండ్రంగా, గుండ్రంగా. వెలుగుకి ఎత్తి చూసి, ఒకసారి ఊది, మళ్ళీ తుడిచేవారు. చంటిపిల్లకి మొహం తుడుస్తున్నట్టుండేది. అది చూస్తే నాకు ఆయన మీదున్న కోపం కాస్తా కరిగిపోయేది. మళ్ళీ కాసేపట్లోనే గడ్డకట్టేది.

ఎందుకంటే, ఆ తర్వాత పరీక్ష మొదలయ్యేది.

దుకాణంలో ఆయన పని మీరు చూసే ఉంటారు. కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ముందు ఒక అద్దం పెట్టి "ఇది బాగుందా?", అది మార్చి "అది బాగుందా?" అంటారు. మనం చెప్పేదాకా వదలరు. ఆ పనిని ఆయన ఇంటికి తెచ్చుకున్నారు.

"బొంగురూ! ఇలా రా."

బొంగురు అంటే మా చిన్నమ్మాయి. చదువులో, పనిలో దేనికీ వంక లేదు. పెద్దదాని గొంతు తేనె, దీనిది కాస్త జీర. ఆ ఒక్కటీ పట్టుకుని ఆయన దానికి ఆ పేరు పెట్టారు. అసలు పేరు బడికే మిగిలింది.

"అక్కా, ఎలాగూ కళ్ళు మూసుకునే ఉన్నావు. చెప్పు. ఇదీ..." అని మీట నొక్కారు. పెద్దది పాడింది. ఆపారు. "అదీ." రిమోట్ చిన్నదాని వైపు చూపించారు, అదీ ఒక యంత్రమే అయినట్టు.

చిన్నది గోడకి ఆనుకుని అదే పాట పాడింది.

"చెప్పేదేముందిరా?" అన్నారు వదినగారు. "మొదటిదే. రెండోది తలుపు కిర్రుమన్నట్టుంది. తలుపుకైతే ఇంత నూనె రాస్తే ఊరుకుంటుంది."

ఆయన పగలబడి నవ్వారు. చూడవచ్చిన పక్కింటి నర్సమ్మ నవ్వాలో వద్దో తెలియక కాఫీ కప్పులోకి చూసింది. చిన్నది నవ్వలేదు, ఏడవలేదు. "నాన్నా, సెలవులైపోతున్నాయి. కాలేజీ మాట..." అంది.

వదినగారి ఊళ్ళో సంగీతం నేర్పే కాలేజీ ఉంది. దాని ఆశంతా అందులో చేరాలని. తిండి మానేసినా మానేస్తుంది గానీ ఆ మాట మానదు.

"పెద్దదానిలా ఒక్క పాట పాడు. ఒక్కటంటే ఒక్కటి. ఆ రోజే నీ పెట్టె నా చేతుల్తో నేనే సర్దుతాను. అక్క సాక్షి."

"గుడ్డి సాక్షిని" అన్నారు వదినగారు.

ఆ సాయంత్రం దీపం పెడుతూ దేవుణ్ణి అడిగాను. గొంతులిచ్చింది నువ్వు కదా, వాటికి మార్కులు వేసే పని ఈయనకి ఎవరిచ్చారు? అడిగి గంట కొట్టాను. నా గంట ఖంగుమనదు. పెద్దది పోయిందని ఆసుపత్రి నుంచి కబురు వచ్చినప్పుడు నేను దాని కోసమే ప్రార్థన చేస్తున్నాను. గంట చేతిలోంచి జారి చీలింది. అప్పటినుంచీ పళ్ళానికి గరిటె తగిలినట్టు టక్కుమంటుంది. మార్చాలనిపించలేదు. ఆయన మాత్రం ఆ రోజు నుంచి దేవుడి గది గడప తొక్కలేదు.

*

ఎండలు బాగా ముదిరిన రోజుల్లో డిస్క్ మొరాయించింది.

ఏడో పాట. ‘వాకిట నిలుచున్నా, పిలువవా తండ్రీ’ అని మొదలవుతుంది. పెద్దది వాకిట దాకా వచ్చింది, నిలుచుంది, అక్కడ యంత్రం పట్టేసింది. పిలు, పిలు, పిలు, పిలు. ఆయన ఆపి మళ్ళీ పెట్టారు. పిలు, పిలు. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టారు. ఈసారి గిర్రున తిరిగి తిరిగి, డిస్క్ లేదని చూపించింది.

"లేదట! లోపల నా కూతురుంటే లేదంటుందేమిటే ఇది!"

ఇల్లంతా అదిరింది. వంటింట్లోంచి చిన్నదాన్ని పిలిచారు.

"ఎవరు ముట్టుకున్నారు?"

"నేను కాదు నాన్నా."

"చేతులు చూపించు."

అది చేతులు చాపింది. ఆయన తన జోడు తీసి పక్కన పెట్టి, సన్నపని చేసేటప్పుడు కంటికి పెట్టుకునే భూతద్దం తెచ్చుకుని దాని గోళ్ళు ఒక్కొక్కటీ చూశారు. డిస్క్ మీద గీతలు చూశారు. మళ్ళీ గోళ్ళు చూశారు. తర్వాత గోళ్ళు కత్తిరించే పరికరం ఇచ్చి, "ఇక్కడే, నా ముందు" అన్నారు. అది కింద కూర్చుని కత్తిరించుకుంది. ఒక గోరు లోపలిదాకా తెగి రక్తం వచ్చింది. ఆయన చూశారు.

"అక్క మీద కుళ్ళు పోయేది కాదులే" అన్నారు లేస్తూ. "నువ్వే పాడు చేశావు, నువ్వే బాగు చేయించుకురా."

మర్నాడు అది డిస్క్ పట్టుకుని కంప్యూటర్ షాపుకి వెళ్ళింది. మధ్యాహ్నం దాటాక వచ్చి, నేరుగా వంటింట్లోకి వచ్చి నా పక్కన చతికిలబడింది.

"పదకొండు వచ్చాయమ్మా. కొత్త డిస్క్ మీద రాసిస్తానన్నాడు. ఏడోది రాలేదు."

"రాకపోతే పోయిందిలే. పదకొండైనా దక్కాయి."

"అది కాదు." గొంతు తగ్గించింది. "దీన్ని గుండ్రంగా తుడిచేదెవరని అడిగాడు. మధ్యలోంచి అంచుకి తుడవాలిట. గుండ్రంగా తుడిస్తే పాట నడిచే దారి పొడుగునా గీత పడుతుందిట. అలాంటి గీతని యంత్రం దాటలేదుట."

నా చేతిలో పని ఆగిపోయింది. ముందు గదిలోంచి, భోజనానికి వచ్చిన ఆయన ఎవరి కళ్ళజోడో తుడుస్తున్న చప్పుడు వస్తోంది. అద్దం మీద గుడ్డ, సన్నగా, కిచకిచమని.

"ఇప్పుడే వెళ్ళి చెప్తాను" అని లేచాను.

అది నా చెంగు పట్టుకుంది. "వద్దమ్మా. తన చేత్తోనే పోయిందని తెలిస్తే ఆయన బతకలేరు."

"నిన్ను అంటున్నారు కదే."

"అననీ. నన్నంటే ఆయనకి కాస్త తేలికగా ఉంటుంది."

ఇంత చిన్నపిల్లకి ఇంత పెద్ద మనసెందుకిచ్చావని కూడా దేవుణ్ణి అడగాలనిపించింది. మోయగలదని ఇచ్చాడా, మొయ్యమని ఇచ్చాడా?

*

కొత్త డిస్క్ వచ్చింది. పాత డబ్బాలోనే, పాతదాని మీద పెట్టి ఇచ్చింది చిన్నది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, అలవాటుగా తుడిచి, యంత్రంలో పెట్టారు. పచ్చటి అక్షరాలు వచ్చాయి. మొత్తం పన్నెండు.

నేను దాని మొహం చూశాను. "షాపతను ఇంకో యంత్రంలో పెట్టి చూశాడమ్మా, వచ్చిందిట" అంది, నా వైపు చూడకుండా.

ఒకటి, రెండు, మూడు. ఆయన కళ్ళు మూసుకుని తల ఊపుతున్నారు. ఆరోది అయింది. ఏడో పాట పేరు వచ్చింది. అదే పేరు, అదే అంకె.

‘వాకిట నిలుచున్నా, పిలువవా తండ్రీ.’

ఈసారి ఎక్కడా పట్టలేదు. వాకిట్లోంచి తండ్రి దాకా ఒకే ఊపిరిలో వచ్చింది. పాట సగంలో, చరణానికీ చరణానికీ మధ్య, చాలా వెనక, చాలా సన్నగా ఒక చప్పుడు.

టక్.

పెద్దది బతికుండగా నా గంట ఖంగుమనేది. ఈ చప్పుడు దానికి తెలియదు.

చిన్నది నా వైపు ఒక్కసారి చూసింది. వద్దని చూసింది.

పాట అయిపోయింది. ఆయన చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. "అక్కా, విన్నావా?" అన్నారు.

"విన్నానురా" అన్నారు వదినగారు, మొదటిసారి మెల్లగా. "కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంది."

"అన్నిట్లోకీ ఇదే. ఇన్నాళ్ళూ నేనే సరిగ్గా వినలేదు. తండ్రీ అన్నచోట చూడు, ఊపిరి తెగలేదు. ఏం గొంతు! దేవుడికి కూడా అసూయ పుట్టి తీసుకుపోయాడు." అని చిన్నదాని వైపు తిరిగారు. "వింటున్నావా బొంగురూ? పాటంటే అదీ. నువ్వు నూరేళ్ళు సాధన చేసినా ఆ ఒక్క ఊపిరి రాదు."

"రాదు నాన్నా" అంది చిన్నది.

ఆ రాత్రి పక్కలు వేస్తూ అడిగాను. ఎప్పుడు పాడావే? నర్సమ్మగారి ఫోనులో, నువ్వు దీపం పెట్టుకునే వేళ, వెనక గదిలో అంది. ఎందుకు?

"ఏడోది లేకపోతే ఆరు తర్వాత ఎనిమిది వస్తుందమ్మా. అప్పుడు నాన్న మొహం నేను చూడలేను."

"మరి ఆయన మాటిచ్చారు కదే. ఒక్క పాటన్నారు. పాడావు. చెప్పు, కాలేజీకి వెళ్ళు."

"ఇప్పుడు చెప్తే పాడినట్టుండదు. దొంగతనం ఒప్పుకున్నట్టుంటుంది." దుప్పటి అంచు మడతపెట్టింది. "వింటున్నారు కదమ్మా. ఎవరనుకుని వింటే ఏం?"

నేను ఊరుకున్నాను. కానీ ఆయన ఊరుకోలేదు. ఆ పాట ఒక్కటే మళ్ళీ మళ్ళీ వచ్చేలా యంత్రాన్ని పెట్టేశారు. పొద్దున లేస్తే అదే, దుకాణానికి వెళ్ళబోతూ అదే. ఒక రోజు వంటింట్లో గిన్నెలు తోముతూ చిన్నది, తనకి తెలియకుండానే, స్పీకర్లోంచి వస్తున్న తన పాటతో తనే గొంతు కలిపింది. ఎంత బాగా కలిసిందో! రెండు నీళ్ళు కలిసినట్టు.

"నోర్ముయ్!" ముందు గదిలోంచి కేక. "ఆ గొంతుతో దాన్ని మైల చెయ్యకు!"

చేతిలోని గిన్నె జారకుండా పట్టుకుంది. నోరు మూసుకుంది. స్పీకర్లో మాత్రం పాడుతూనే ఉంది.

*

వదినగారికి రెండో కన్ను కూడా అయింది. మళ్ళీ పచ్చగుడ్డ. కట్టు విప్పే ముందురోజు సాయంత్రం నర్సమ్మ వచ్చింది. దుకాణానికి అద్దాలు వేసే ఆయన కూడా వచ్చాడు. పదిమంది చేరితే మా ఆయనకి పరీక్ష గుర్తొస్తుంది.

"ఏడోది పాడు" అన్నారు చిన్నదానితో.

"అది వద్దు నాన్నా. ఇంకోటి పాడతాను."

"భయమా? అదే పాడు. ఇదీ..." మీట నొక్కారు. అందరూ విన్నారు. ఆపారు. "అదీ."

అది నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. పాడింది. తప్పించుకోవాలని ముందు కాస్త గొంతు నొక్కింది. కానీ పాట దాన్ని వదల్లేదు. తండ్రీ దాకా ఒకే ఊపిరి.

వదినగారు చెయ్యి విసిరారు. "ఒరే, మళ్ళీ డిస్కే పెట్టావేమిట్రా? రెండోది వినిపించు."

ఆయన చేతిలోని రిమోట్ వైపు చూసుకున్నారు.

"రెండోదే అక్కా. బొంగురు పాడింది."

"చాల్లే! నాకు కోసింది కళ్ళు, చెవులు కాదు."

ఆయన మొహం గంటుపెట్టుకున్నారు. "అనుకరణ. రోజూ విని విని పట్టేసింది. కోతి కూడా కళ్ళజోడు పెట్టుకుంటుంది అక్కా, చదవగలదా? పెద్దదాని గొంతులో ప్రాణం ఉంది. దీంట్లో ఏముంది? గాలి."

అద్దాలాయన ‘బాగా చెప్పారు’ అన్నట్టు నవ్వాడు.

నేను లోపలికి వెళ్ళాను. గంట తెచ్చాను. ఆయనకి ఎదురు మాట్లాడిన దాన్ని కాదు. మాట్లాడాలనీ వెళ్ళలేదు. చేతికి అదే దొరికింది.

"ఏడోది మళ్ళీ పెట్టండి."

"ఎందుకే?"

"పెట్టండి."

పెట్టారు. చరణం అయింది. వెనక, సన్నగా, టక్. నేను చేతిలో గంట కొట్టాను. టక్.

"ఇది ఎప్పుడు పగిలిందో మీకు తెలుసు" అన్నాను.

పాట ముందుకి పోతోంది. ఆయన చేతిలో రిమోట్ అలాగే ఉంది. నర్సమ్మ లేచి అద్దాలాయన వైపు చూసింది. ఇద్దరూ చెప్పకుండానే వెళ్ళిపోయారు. పాట దానంతట అదే అయిపోయి, మళ్ళీ మొదలవబోతే ఆయన ఆపారు. డిస్క్ బయటికి తీశారు. జేబులోంచి గుడ్డ తీశారు గానీ తుడవలేదు.

నాకు పిచ్చి ఆశ. ఇప్పుడు దాన్ని పిలుస్తారు, బొంగురూ అని కాకుండా పేరు పెట్టి పిలుస్తారు అనుకున్నాను.

"నా కూతురి పాట ఏం చేశావే?" అని కూతుర్ని అడిగారు.

అది ఆయన చేతిలోని గుడ్డ చూసింది. నన్ను చూసింది. మళ్ళీ గుడ్డ చూసింది.

"పోయింది నాన్నా."

"పోయిందా, పోగొట్టావా?"

"పోగొట్టాను" అంది.

"ఒరేయ్" అన్నారు వదినగారు, పచ్చగుడ్డ వెనక నుంచి. "నీకు ఏ జోడు పెట్టాలో నాకు తెలియదు గానీ, మాటిచ్చావు. నేను సాక్షిని."

"ఇచ్చాను. పంపిస్తాను. నేను మాట తప్పేవాణ్ణి కాదు."

తప్పలేదు. మర్నాడు ఆయనే పెట్టె దించి, దులిపి, దాని బట్టలు ఒక్కొక్కటీ మడత నలగకుండా సర్దారు. అన్నిటికీ పైన ఆ కొత్త డిస్క్ పెట్టారు.

"పెద్దదాని పాటలు పదకొండు ఉన్నాయి కదండీ అందులో" అన్నాను.

"ఒక్క చుక్క కలిసినా కల్తీ కల్తీయే. నా ఇంట్లో అక్కర్లేదు." దానితో అన్నారు, పెట్టె మూస్తూ, "బాగా నేర్చుకో. ఎక్కడైనా పాడుకో. ఈ గడప లోపల మాత్రం నోరు విప్పకు."

*

తొలివాన పడ్డ రోజు వదినగారూ చిన్నదీ వెళ్ళారు. వదినగారికి కట్టు విప్పేశారు. కొత్త కళ్ళతో ఇంటిని, నన్ను, అన్నిటినీ వింతగా చూశారు. చిన్నదాని గడ్డం పట్టుకుని, "ఇలా ఉంటావటే నువ్వు? ఇన్నాళ్ళూ తలుపనుకున్నాను" అని, ఎందుకో నవ్వలేక కళ్ళు తుడుచుకున్నారు.

బండి వచ్చింది. వదినగారు ఎక్కి కూర్చున్నారు. చిన్నది పెట్టె చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడింది. ముందు గదిలో ఆయన పాత డిస్క్ పెట్టుకున్నారు. తలుపు ఓరగా ఉంది.

పిలు, పిలు, పిలు, పిలు.

వానలో అది కాసేపు అలాగే నిలబడింది. తర్వాత, "వెళ్ళొస్తానమ్మా" అంది.

ఇప్పుడు ఇంట్లో ఇద్దరమే. ఆయన రోజూ సాయంత్రం కాళ్ళు కడుక్కుని, పాత డిస్క్ తీసి తుడుస్తారు, గుండ్రంగా, గుండ్రంగా. ఏడోది ఎప్పుడో పూర్తిగా పోయింది. తర్వాత మూడోది పట్టడం మొదలెట్టింది, ఆ తర్వాత పదోది. ఒక్కో పాట పోయినప్పుడల్లా ఇంకాస్త గట్టిగా తుడుస్తారు. అది నా కూతురి గొంతు కూడా. చెప్పొచ్చు. ఒక్క మాట. మధ్యలోంచి అంచుకండీ, అంటే చాలు.

చెప్పనా అని దేవుణ్ణి రోజూ అడుగుతున్నాను. దేవుడింకా ఏమీ అనలేదు.

పగిలిన గంట మార్చెయ్యమని మా ఆయన చాలాసార్లు అన్నారు, ఆ చప్పుడు భరించలేకపోతున్నానని. మార్చలేదు. దీపం పెట్టి గంట కొడతాను. ముందు గదిలో గుడ్డ చప్పుడు ఆగుతుంది. కాసేపు. తర్వాత మళ్ళీ గుండ్రంగా తిరుగుతుంది.